లేవనక్కర్లేని కుర్చీ

నా తమ్ముడి కోసం అతని కొడుకు తయారుచేసిన కుర్చీని ఇంటికి వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. నాకు మాత్రం దాన్ని చూడగానే ముఖం తిప్పుకోవాలనిపించింది. పనితనంలో లోపం ఉందని కాదు. ఎక్కడా లోపం లేకపోవడమే నాకు రోత పుట్టించింది. ముదురాకుపచ్చ రెగ్జిన్, అంచుల వెంట వంకర లేని కుట్టు, మోచేతులు ఆనే చోట మెత్తటి స్పాంజి, వీపు వాలిస్తే దానంతటదే వెనక్కి ఒరిగే చట్రం. కుడివైపు మంచినీళ్ల సీసాకు ఒక గూడు, ఎడమవైపు కఫం ఉమ్మే మూతగిన్నెకు ఇంకొక గూడు. కూర్చునే దిండు మధ్యలో గుండ్రటి ముక్క ఒకటి విడిగా ఊడి వస్తుంది. దాని కింద రంధ్రం, రంధ్రం కింద బేసిన్. తమ్ముడు ఆ కుర్చీలోనే తినేవాడు, అందులోనే నిద్రపోయేవాడు, మిగిలిన పని కూడా అందులోనే కానిచ్చేవాడు. అన్నీ ఒకే చోట, ముందుగది కిటికీ పక్కన.

ఒక మనిషిని ఇంత సుఖంగా ఎలా పాడుచేయగలిగారన్న ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వెళితే దూది దగ్గరికి చేరతాం. మాది పరుపులూ సోఫాలూ కుట్టే కుటుంబం. నాన్న నన్ను కాలేజీకి పంపి, తమ్ముణ్ణి దూది ఏకే యంత్రం ముందు నిలబెట్టాడు. నేను శరీరధర్మశాస్త్రం చదివి, అదే పాఠం ఆడపిల్లల కాలేజీలో చెప్పి పదవీ విరమణ చేశాను. వాడు పెద్దమేస్త్రి అనిపించుకున్నాడు. యంత్రం తిరిగినంతసేపూ గదినిండా దూదినలుసులు తేలుతుండేవి. సాయంత్రానికి వాడి కనుబొమలు ముసలివాడి కనుబొమల్లా తెల్లబడేవి. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకోరా అంటే నవ్వేవాడు.

"గుడ్డ కట్టుకుంటే మేకులు ఎక్కడ పెట్టుకోనే అక్కా, చెవుల్లోనా?"

సోఫా పనివాళ్లు చిన్న మేకుల్ని పెదాల మధ్య పట్టుకుంటారు. ఒక చేత్తో గుడ్డను బిగించి లాగి, రెండో చేత్తో ఒక్కొక్క మేకునూ తీసి నిలబెట్టి కొడతారు. గుడ్డ లాగే క్షణాన ఊపిరి బిగబడతారు. నోరు తెరిస్తే మేకు గొంతులోకి జారుతుంది, ముక్కుతో పీలిస్తే దుమ్ము లోపలికి పోతుంది. బలం పెట్టవలసి వచ్చినప్పుడల్లా ఊపిరి ఆపెయ్యడం ఆ విధంగా వాడి ఒంటికి అలవాటైపోయింది.

గాలిగొట్టాలు శాశ్వతంగా ఇరుకైపోయాయని డాక్టరు చెప్పేనాటికి వాడు మేడమెట్ల మధ్యలో ఆగి, గోడకున్న బొమ్మను చూస్తున్నట్టు నటించడం మొదలుపెట్టాడు. తరవాత మెట్లెక్కడమే మానేశాడు. మెట్లు మానేసినందువల్ల తొడల్లో కండ తగ్గింది. కండ తగ్గిన కాలు అంతే దూరానికి అంతకన్నా ఎక్కువ గాలి అడుగుతుంది. కాబట్టి చదునైన నేల మీద కూడా ఆయాసం వచ్చింది. దాంతో దుకాణానికి వెళ్లడం మానేశాడు, కండ ఇంకా కరిగింది. ఆయాసం పుట్టింది ఊపిరితిత్తుల్లోనే, నిజమే. దాన్ని కాళ్లలో పెట్టి పెంచి పెద్దచేసింది మాత్రం ఇంట్లోవాళ్ల ప్రేమ.

ఆ ప్రేమకు ఒక సిద్ధాంతం కూడా ఉంది. మేనల్లుడు దాన్ని నాకు ఎంతో ఓపికగా, ఒక పాత స్ప్రింగు చేతిలో పట్టుకుని మరీ బోధించాడు.

"చూడత్తా, సోఫాలో స్ప్రింగు ఉంటుంది. కూర్చున్నకొద్దీ సాగుతుంది. సాగిందాన్ని ఇంకా వాడితే తెగుతుంది. నాన్న ఊపిరితిత్తులు ఇప్పుడు సాగిన స్ప్రింగులు. వాటిని వాడకుండా ఉంచితే ఇంకో పదేళ్లొస్తాయి."

"మీ నాన్న సోఫా కాదురా. మనిషి ఒళ్లు వాడకపోతేనే తెగుతుంది."

"నీది పుస్తకాల చదువత్తా. నాది చేత్తో చూసిన అనుభవం" అని, ఆ స్ప్రింగును నా ఒళ్లో పెట్టి వెళ్లిపోయాడు.

నేను వాళ్లింటికి రావడానికి కారణం తమ్ముడి ఫోను. దానికి ముందు జరిగింది ఇది. ఒకరోజు పొద్దున వాడు ఎవర్నీ పిలవకుండా స్నానాలగదికి బయలుదేరాడు. ముందుగదికీ స్నానాలగదికీ మధ్య పొడుగాటి నడవా ఉంది. దాని ఒక పక్కంతా స్పాంజి పలకలు నిలబెట్టి ఉంటాయి. సగం దారిలో ఊపిరి అందక వాటిమీదికి ఒరిగాడు. పలకలు జారాయి, వాటితో పాటు తనూ జారాడు. బట్టలు తడిసిపోయాయి. టీ తాగడానికి వచ్చిన పనివాళ్లు చూశారు. కొడుకు పసిపిల్లవాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చి పడుకోబెట్టాడు. ఆ వారంలోనే కుర్చీ తయారైంది.

"అక్కా, ఒకసారి వచ్చిపో" అన్నాడు ఫోనులో. మాటకూ మాటకూ మధ్య సన్నగా ఈల వేసినట్టు గాలి వినిపించింది. "నాకొక్కటే కోరిక. ఆ గదిలోకి వెళ్లి... తలుపేసుకోవాలి. నా వెనకాల నేనే... గడియ పెట్టుకోవాలి. ఇంకేం వద్దు."

నేను వెళ్లేసరికి ఆ ముందుగది ఒక ప్రదర్శనశాలలా ఉంది. ఫినాయిలు వాసన, దాని కింద దాగని ఇంకో వాసన, రెంటి మీదా పోపు వాసన. కోడలు మామగారికి చెంచాతో అన్నం పెడుతోంది. వాడి రెండు చేతులూ ఖాళీగా, ఏ జబ్బూ లేకుండా, కుర్చీ చేతుల మీద పడి ఉన్నాయి.

"పెద్దమ్మగారూ, మామయ్యగారి కాలు నేల మీద పెట్టనిస్తే ఒట్టు!" అంది నన్ను చూడగానే.

"చెయ్యి కూడా పెట్టనివ్వడం లేదు గదమ్మాయ్. నమలడం మాత్రం ఆయనకే వదిలేశావా?"

"చెంచా ఎత్తితే ఆయాసం వస్తుందండీ."

పక్కింటావిడ టీ కప్పుతో ఎదురుగా కూర్చుని ఉంది. ఆవిడ ఉండగానే కోడలు వంగి కుర్చీ కింద నుంచి బేసిన్ లాగింది. దాని మీద మూత సరిగా లేదు. పక్కింటావిడ ముక్కు చిట్లించుకుంటూనే, "అసలు వాసనే లేదు చూడండి! ఇంత సేవ చేసే కోడలు ఎంతమందికి దొరుకుతుంది? అదృష్టజాతకులండీ మీ తమ్ముడు!" అని, టీ ఇంకో గుక్క తాగింది. ఆ గుక్క ఆమె గొంతులోకి దిగిన శబ్దం నాకు వినిపించింది. నాకిచ్చిన కప్పు నేను ముట్టుకోలేదు.

అదృష్టజాతకుడు కిటికీ వైపు తిరిగి ఉన్నాడు. ఎవరైనా వచ్చిన ప్రతిసారీ వాడు అలా తిరిగేవాడు, వీధిలో ఏదో చాలా ముఖ్యమైనది జరుగుతున్నట్టు. దవడల కింద చర్మం వేలాడుతోంది, పొట్ట మాత్రం పెరిగింది, కాళ్లు చేతికర్రల్లా అయ్యాయి. నిజం చెప్పాలంటే ఆ క్షణాన వాడి మీద కూడా నాకు వెగటు వేసింది. గడియ పెట్టుకోవాలని ఫోనులో ఏడ్చిన మనిషి ఇక్కడ నోరు తెరిచి చెంచా కోసం ఎదురుచూస్తున్నాడు.

అంతకన్నా అసహ్యకరమైనది మర్నాడు చూశాను. మేనల్లుడు ఒక ఖాతాదారుణ్ణి వెంటబెట్టుకుని దుకాణం నుంచి ఇంట్లోకి వచ్చాడు. "నాన్నా, కాస్త ముందుకు జరుగు" అని, తండ్రి వెనక చెయ్యి దూర్చి దిండు ముక్కను ఊడదీసి, తిప్పి చూపించాడు. "నీళ్లు ఇంకదండీ. తుడిస్తే చాలు." ఆ మనిషి వంగి చూశాడు. తమ్ముడు సగం లేచీ లేవని భంగిమలో, రెండు చేతుల మీదా బరువు వేసి, కిటికీ వైపే చూస్తూ నిలిచాడు.

ఆయన వెళ్లాక నేను ఊరుకోలేదు.

"ఒరేయ్, మీ నాన్న మనిషా, దుకాణంలో పెట్టిన నమూనా ముక్కా?"

"అదేం మాటత్తా! నాన్న కోసమే చేశాను. నలుగురికీ పనికొస్తే తప్పా?"

"వాణ్ణి అడిగావా?"

"అడుగుతాను, దానిదేముంది. ఏం నాన్నా, నీకేమన్నా ఇబ్బందా?"

తమ్ముడు లేదన్నట్టు తల ఊపాడు. గాలి చాలని మనిషి వాదించలేడు. తల ఊపగలడు అంతే, ఎదుటివాడికి ఏది కావాలో అదే ఊపుతాడు.

నేను పట్టుబట్టి వాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లేటట్టు చేశాను. డాక్టరు వాడి వేలికి చిన్న యంత్రం తగిలించి నడిపించి చూశాడు, గుండె పరీక్షించాడు, నడవడానికి అభ్యంతరం లేదన్నాడు. లేకపోవడమే కాదు, నడవకపోతే ఉన్నది కూడా పోతుందన్నాడు.

"ఆయాసం వస్తుంది. రానివ్వండి. మాట పెగలనంత వస్తే ఆగండి, తగ్గాక మళ్లీ నడవండి. ఆయాసం వేరు, అపాయం వేరు. మీరు రెంటినీ కలిపేశారు."

మేనల్లుడు వెంటనే సెల్‌ఫోన్ తీసి కుర్చీ ఫొటో చూపించాడు. డాక్టరు దాన్ని పెద్దది చేసి, అటూ ఇటూ జరిపి, చాలాసేపు చూశాడు.

"ఎవరు చేశారు ఇది?"

"నేనే సార్!"

"చాలా బాగా చేశావు. వీలైనంత తొందరగా దీన్ని మీ నాన్న కింద నుంచి తీసెయ్యి."

ఇంటికి వచ్చేదాకా, వచ్చాక కోడలితో, పనివాళ్లతో, పక్కింటావిడతో మేనల్లుడు ఒక్క మాటే చెప్పాడు: "పెద్ద డాక్టరు కూడా చాలా బాగా చేశావన్నాడు."

మధ్యాహ్నం వాళ్లంతా దుకాణంలో ఉండే వేళ నేను వాణ్ణి లేపడం మొదలుపెట్టాను. చాటుగా కాదు, చెప్పే చేశాను. మొదటిసారి వాడు కుర్చీ నుంచి గది తలుపు దాకా వెళ్లి, చట్రం పట్టుకుని, మునిగి తేలినవాడిలా ఒక్కసారి భళ్లున గాలి వదిలాడు. మెడనరాలు తాళ్లలా పొంగాయి. ఇంత కొద్ది దూరానికి అంత ఆయాసం ఏ లెక్కకూ అందలేదు నాకు. రెండోసారి వాడి కాళ్లను వదిలి ముఖాన్ని చూశాను. పెదాలు బిగుసుకుని ఉన్నాయి. ముక్కుపుటాలు కదలడం లేదు. వాడు అసలు ఊపిరి తీసుకోవడమే లేదు. కదిలినంతసేపూ బిగబట్టి, ఆగాక ఒక్కసారిగా వెతుక్కుంటున్నాడు.

"ఏరా, నోట్లో మేకులున్నాయా?" అన్నాను.

వాడు తెల్లబోయి చూశాడు. తరవాత అర్థమై నవ్వాడు. ఆ నవ్వు దగ్గయింది, దగ్గు తెరలు తెరలుగా సాగింది, చివరికి పసుపుపచ్చటి ముద్ద ఒకటి గిన్నెలో పడింది. దాన్ని నేనే తీసుకెళ్లి కడిగాను. కడుగుతున్నప్పుడు చెయ్యి వెనక్కి లాగింది. అయినా ఆ కుర్చీని తుడవడం కన్నా ఇది ఎంతో శుభ్రమైన పనిలా తోచింది.

"మేకులు ఉమ్మెయ్యమంటావా?" అన్నాడు ఆయాసం తగ్గాక. "మేస్త్రికి... అంతకన్నా అవమానం... ఉండదే."

"ఉమ్మెయ్యకు, అట్లాగే పెట్టుకో. పెదాలు అట్లాగే సన్నగా ఉంచి మేకుల మధ్య నుంచి గాలి వదులు. సోఫా అయిపోయాక మీద పడ్డ నలుసుల్ని ఊదుతావు చూడు, అట్లా. అడుగు వేసేటప్పుడు ఊదు."

వాడికి అది పాఠంలా కాక పనిలా వినిపించింది. అందువల్లనే పట్టుబడింది. ఊదుతూ అడుగు వేశాడు. కనిపించని నలుసులు వాడి ముందు లేచి పక్కకు తప్పుకున్నట్టు ఉంది. తలుపు చట్రం దాటాడు. తరవాతి రోజుల్లో నడవాలోకి వచ్చాడు, స్పాంజి పలకల దాకా వెళ్లాడు, అక్కడ గోడకు ఆని నిలబడి తెరిపిన పడ్డాడు. చెంచా తన చేత్తోనే పట్టుకోవడం కూడా ఆ రోజుల్లోనే మొదలైంది.

ఒక మధ్యాహ్నం అలా నిలబడి రొప్పుతున్నప్పుడు కోడలు కత్తెర కోసం ఇంట్లోకి వచ్చింది.

"అయ్యో! అయ్యో! మామయ్యగారిని చంపేస్తున్నారు!"

"ఏం కాలేదమ్మాయ్, ఆయాసం తీర్చుకుంటున్నాడు, కాసేపాగు..."

ఆమె ఆగలేదు. ఆ కుర్చీకి చక్రాలు కూడా ఉన్నాయని నాకు అప్పుడు తెలిసింది. దాన్ని నడవాలో దడదడలాడించుకుంటూ తోసుకొచ్చి, వెనక నుంచి మామగారి మోకాళ్ల మడతలకు తగిలించింది. వాడి కాళ్లు మడతపడ్డాయి. వాడు దభీమని అందులో పడ్డాడు. కింద బేసిన్ తొణికింది. వాణ్ణి వెనక్కి తోసుకుపోతూ ఆమె ఏడ్చింది, అది నిజమైన ఏడుపే. నాకు ఆ కన్నీళ్లు చూసినా ఒంటి మీద జెర్రి పాకినట్టే అనిపించింది. ఆమె తుడిచింది తన కళ్లనే గానీ వాడి కాళ్ల మీద చిందినదాన్ని కాదు.

ఆ సాయంత్రం మేనల్లుడు నా ముందు చేతులు జోడించాడు.

"అత్తా, నీకు దండం పెడతాను. నాన్నను ఊరికే కూర్చోనివ్వు. నలుగురిలో మా పరువు తియ్యకు. ముసలాయన్ను లేపి నడిపిస్తున్నారంటే జనం ఏమనుకుంటారు?"

"నడుస్తున్నాడనుకుంటారు."

"నువ్వెప్పుడు బయలుదేరుతున్నావ్?"

"వాడు గడియ పెట్టుకున్నాక."

మేనల్లుడికి నా మాట అర్థం కాలేదు. కిటికీ వైపు తిరిగి ఉన్న తమ్ముడికి అర్థమైంది.

ఆ తరవాత ఒక వృద్ధాశ్రమం నడిపే పెద్దమనిషి వచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో కొలతల టేపు. మేనల్లుడు, కోడలు, నేను, తమ్ముడు, అందరం ముందుగదిలోనే ఉన్నాం. ఆయన తమ్ముడికి నమస్కారం పెట్టలేదు. కుర్చీ చుట్టూ తిరుగుతూ, దాని వెడల్పు కొలుస్తూ, అడ్డొచ్చిన తమ్ముడి మోచేతిని సామాను జరిపినట్టు వేళ్లతో పక్కకు జరిపాడు.

"అంటే, పొద్దస్తమానం లేవక్కర్లేదన్నమాట."

"అక్కర్లేదండీ" అన్నాడు మేనల్లుడు.

"లేవాలనుకుంటే?"

"వెనక్కి వాలు ఎక్కువండీ, మెత్తదనం కూడా ఎక్కువ. అంత తేలిగ్గా లేవలేరు."

"అదీ! నాకు కావలసింది అదే." ఆయన ముఖం వికసించింది. "మా ముసలాళ్లతో చచ్చే చావుగా ఉందనుకోండి. ఊరికే లేస్తారు, తిరుగుతారు, పడతారు. ఆయాలకు ఒకటే చాకిరీ. వరసగా వేసి వీటిలో కూర్చోబెట్టేశామంటే గొడవ వదిలిపోతుంది. ఆ కింద అమరికేదో చూపించండి."

"నాన్నా, కాస్త పైకి లే. సారుకు చూపిస్తాను."

తమ్ముడు కిటికీ వైపు నుంచి ముఖం ఇటు తిప్పాడు. ఆ పెద్దమనిషిని చూశాడు, టేపును చూశాడు. రెండు చేతులూ ఆనించి, పెదాలు సన్నగా చేసి, ఊదుతూ లేచాడు.

"చాలు నాన్నా, చాలు. అంత లేవక్కర్లేదు."

వాడు పూర్తిగా లేచాడు. కొడుకు పక్క నుంచి నడవా వైపు అడుగు వేశాడు.

"ఎక్కడికి నాన్నా? ఏం కావాలి? ఇక్కడే ఉన్నాయి గదా అన్నీ!"

జవాబు చెప్పడానికి వాడు గాలి వృథా చేసుకోలేదు. కోడలు గబగబా కుర్చీ వెనక్కి పరుగెత్తి దాని పిడి పట్టుకుంది. మోకాళ్ల మడతల్లో మళ్లీ ఆ దెబ్బ తగులుతుందని నేను ముందుకు దూకబోయాను. అక్కర్లేకపోయింది. కుర్చీ ఖాళీ అవడమే తరువాయి, వృద్ధాశ్రమం పెద్దమనిషి అందులో కూలబడ్డాడు. తమ్ముడి ఒంటి వెచ్చదనం, చెమట ఇంకా ఆరని రెగ్జిన్ మీద ఆయన తన ఇస్త్రీ ప్యాంటుతో ఆనందంగా సర్దుకుని, వీపు వెనక్కి వాల్చి, కళ్లు మూసుకున్నాడు.

"ఆహా! బ్రహ్మాండం!"

"లేవండి సార్, మామయ్యగారికి కుర్చీ కావాలి!" అని కోడలు పిడి పట్టుకుని లాగింది. బరువుకు చక్రం కదల్లేదు.

"ఒక్క నిమిషం తల్లీ. నడుం దగ్గర ఎట్లా ఉంటుందో చూడనీ."

ఆ ఒక్క నిమిషమే వాడికి దారి ఇచ్చింది. నేను వెనకే నడిచాను, ముట్టుకోకుండా. స్పాంజి పలకల దగ్గర ఆగి, గోడకు అరచెయ్యి ఆనించి, తల వంచుకుని ఊదాడు. ముఖం కందిపోయింది. ముక్కు నుంచి నీరు కారుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. నేను రుమాలు తీసి కూడా ఇవ్వలేదు. వాడు పలకల్ని దాటాడు. వాటి అవతల నేనెన్నడూ వాణ్ణి చూడలేదు. మళ్లీ ఆగాడు, ఈసారి ఎక్కువసేపు. వెనక ముందుగదిలో "గట్టిగా లాగకమ్మా" అన్న మాట, చక్రాల కిర్రుమనే చప్పుడు. వాడు ఊదాడు, అడుగు వేశాడు, ఊదాడు. స్నానాలగది గుమ్మం పట్టుకున్నాడు. లోపలికి వెళ్లాడు. తలుపు మెల్లిగా మూసుకుంది. లోపల ఊదిన చప్పుడు రెండుసార్లు వినిపించింది. తరవాత గడియ పడింది.

నేను తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను. లోపల దగ్గు, ఉమ్మిన శబ్దం, మళ్లీ సన్నగా ఊదడం. ముందుగదిలోని మాటలు నడవా పొడుగునా తేటగా వినిపిస్తున్నాయి.

"మరి మీ నాన్న లేచి వెళ్లిపోయారు గదయ్యా," అంటున్నాడు పెద్దమనిషి. "లేవరన్నావు."

"ఏదో ఇవాళ అట్లా... మామూలుగా లేవరండీ."

"మామూలు సంగతి కాదు. నడుముకు అడ్డంగా ఒక పట్టీ పెట్టగలవా? వెనకాల బిగించేది, వాళ్ల చేతికి అందకుండా?"

మేనల్లుడు మాట్లాడలేదు. ఆ కాస్త మౌనంలో నాకు వాడి మీద ఆశ కలిగింది. వాడు నాన్న వెళ్లిన వైపు చూస్తున్నాడేమో అనుకున్నాను.

"పెట్టొచ్చండీ," అన్నాడు. "అదే రంగులో కావాలా, వేరే రంగా?"

నోట్లో చేదు ఊరింది. మింగబుద్ధి కాలేదు. ఉమ్మడానికి నడవాలో చోటు లేదు.

"అక్కా," అన్నాడు లోపలి నుంచి తమ్ముడు. "వాడేమన్నాడు?"

"పట్టీ పెడతానన్నాడు."

లోపల ఒకసారి ఊపిరి వదిలి, తీసుకున్నాడు.

"అయితే... నేనిప్పుడే... తలుపు తియ్యను."

కోడలు ఎట్లాగో పెద్దమనిషిని లేపినట్టుంది. చక్రాల చప్పుడు నడవాలోకి వచ్చింది. కుర్చీని నా కాళ్ల దాకా తోసి, "మామయ్యగారూ, గడియ తియ్యండి! కుర్చీ తెచ్చాను!" అని నా భుజం మీదుగా తలుపు మీద కొట్టింది. నేను పక్కకు తప్పుకోలేదు. లోపలి నుంచి బకెట్‌లో నీళ్లు నిండుతున్న చప్పుడు వచ్చింది. కాసేపటికి ఎవరో ఒంటి మీద చెంబు తరవాత చెంబు తీరిగ్గా పోసుకోవడం వినిపించింది.